ఇచ్చిన సమాచారం సరిపోతుందా? – బ్యాంకు పరీక్షల తరగతి నుంచి ఒక పాఠం



మన సొసైటీ నడుపుతున్న ఉచిత శిక్షణ తరగతి గురించి ప్రతి సంవత్సరం ఈ సంచికలో ఒక నివేదిక ఇవ్వడం ఆనవాయితీ. ఎంతమంది చేరారు, ఏ పుస్తకాలు కొన్నాం, ఎంత ఖర్చయింది అనే వివరాలు అందులో ఉంటాయి. నిరుడు సర్వసభ్య సమావేశంలో ఒక పెద్దాయన లేచి, "లెక్కలన్నీ బాగున్నాయి నాయనా, ఇంతకీ ఆ గదిలో కూర్చోబెట్టి పిల్లలకు ఏం చెబుతున్నారో మాకు కూడా కాస్త చూపించండి" అన్నారు. ఆ మాట న్యాయమైనదే. అందుకని ఈసారి నివేదికతో పాటు ఒక పాఠాన్నే మీ ముందు పెడుతున్నాం. మా పిల్లలు ఎక్కువ మార్కులు పోగొట్టుకుంటున్న పాఠం ఇది. మేము మొదట్లో తప్పుగా చెప్పిన పాఠం కూడా ఇదే. దీని పేరు డేటా సఫిషియన్సీ. తెలుగు పుస్తకాల్లో దత్తాంశ పర్యాప్తత అని రాస్తారు. పేరు చూసి భయపడనక్కర్లేదు. "ఇచ్చిన సమాచారం సరిపోతుందా?" అని అడగడమే దాని అర్థం.

మేము చేసిన పొరపాటు

మగ్రిబ్ నమాజు తర్వాత మన తరగతికి వచ్చేవారిలో ఒక దర్జీ గారి అమ్మాయి ఉంది. డిగ్రీ పూర్తి చేసింది. పగలంతా తండ్రికి కాజాలు తీసి, గుండీలు కుట్టిపెట్టి, సాయంత్రం పుస్తకాలు పట్టుకుని వస్తుంది. క్లర్కు ఉద్యోగానికి రెండుసార్లు ప్రిలిమ్స్ గట్టెక్కింది. రెండుసార్లూ మెయిన్స్‌లో ఆగిపోయింది. ఈ ఉద్యోగాలకు సాధారణంగా 28 ఏళ్ళు దాటకూడదు. ఆమెకు ఆ గడువు దగ్గరపడింది. ఇంట్లో కూడా "ఇంకొక్కసారి, అంతే" అని చెప్పేశారు.

తెలివిలో ఆమెకు లోటు లేదు. లెక్క ఇస్తే గదిలో అందరికంటే ముందు చేస్తుంది. మరి ఎక్కడ పోతోంది? ఒక మాదిరి పరీక్ష తర్వాత ఆమె రఫ్ కాగితాలు అడిగి తీసుకుని కూర్చున్నాం. అప్పుడు తెలిసింది. ఒక డేటా సఫిషియన్సీ ప్రశ్నకు ఆమె పేజీ నిండా లెక్క చేసింది. చివరి రూపాయి దాకా జవాబు తేల్చింది. ఆ జవాబు సరైనదే. కానీ ప్రశ్న ఆ జవాబు అడగలేదు. ఆ జవాబు చెప్పడానికి సమాచారం చాలుతుందా లేదా అని మాత్రమే అడిగింది. ఆ ఒక్క ప్రశ్నకు ఆమె పెట్టిన సమయంలో ఇంకో నాలుగు ప్రశ్నలు చేసి ఉండేది.

తప్పు ఆమెది కాదు, మాది. ఈ పాఠాన్ని మేము కూడా మిగతా లెక్కల్లాగే బోర్డు మీద చివరిదాకా చేసి చూపించేవాళ్ళం. ఎక్కడ ఆపాలో మేము చూపించలేదు. పిల్లలు కూడా ఆపలేదు. క్లర్కు ప్రిలిమ్స్‌లో రీజనింగ్ విభాగానికి 35 ప్రశ్నలు, 20 నిమిషాలు. అంటే ఒక్కో ప్రశ్నకు దాదాపు 34 సెకన్లు. డేటా సఫిషియన్సీ ఎక్కువగా మెయిన్స్‌లో వస్తుంది. అక్కడ సమయం కొంచెం ఎక్కువ ఉన్నా ప్రశ్నలు కూడా అంత బరువుగా ఉంటాయి. ఎక్కడైనా ఆపడం తెలిసినవాళ్ళదే పైచేయి.

ప్రశ్న రూపం

ఈ ప్రశ్నలో ముందు ఒక అడుగుబడి ఉంటుంది. దాని కింద రెండు సమాచారాలు ఇస్తారు. వాటిని ప్రవచనం 1, ప్రవచనం 2 అంటారు. విద్యార్థి ఈ ఐదింటిలో ఒకటి ఎంచుకోవాలి.

అ) ప్రవచనం 1 ఒక్కటే సరిపోతుంది, 2 ఒక్కటే సరిపోదు.
ఆ) ప్రవచనం 2 ఒక్కటే సరిపోతుంది, 1 ఒక్కటే సరిపోదు.
ఇ) 1 గానీ, 2 గానీ, ఏ ఒక్కటైనా విడిగా సరిపోతుంది.
ఈ) రెండూ కలిపినా సరిపోదు.
ఉ) రెండూ కలిపితేనే సరిపోతుంది.

పరీక్షను బట్టి ఈ వరుస మారవచ్చు. కాబట్టి పరీక్షలో ముందు వీటినే చదవాలి. అలవాటైన వరుసే ఉంటుందనుకుని టిక్కు పెట్టి, తెలిసిన ప్రశ్నను పోగొట్టుకున్నవాళ్ళు మా తరగతిలోనే ఉన్నారు.

ఒక తేలిక ఉదాహరణ చూద్దాం. సలీం వయసు ఎంత?

ప్రవచనం 1: సలీం, అమీనా కంటే 4 ఏళ్ళు పెద్ద.
ప్రవచనం 2: ఇద్దరి వయసుల మొత్తం 36 ఏళ్ళు.

మొదటిది ఒక్కటే చూస్తే అమీనా వయసు తెలియదు. సలీం వయసు ఏదైనా కావచ్చు. రెండోది ఒక్కటే చూసినా అంతే. రెండూ కలిపితే తేలుతుంది. కాబట్టి జవాబు ఉ. సలీంకు 20, అమీనాకు 16 అని లెక్క వేయడం అనవసరం. తేలుతుందని తెలిసిన క్షణంలోనే పెన్ను కింద పెట్టేయాలి. మా తరగతిలో ఇప్పుడు ఎవరైనా ఇలాంటి ప్రశ్నకు "20" అని జవాబు చెబితే మిగతావాళ్ళు నవ్వుతారు. అంతవరకు వచ్చాం, అల్హందులిల్లాహ్.

ఒకదాన్ని మూసి ఇంకోదాన్ని చదవడం

పిల్లలు చేసే రెండో తప్పు ఇంతకంటే సూక్ష్మమైనది. మొదటి ప్రవచనం చదివి, అది మనసులో ఉండగానే రెండోది చదువుతారు. మొదటిది చెప్పిన సంగతి తెలియకుండానే రెండోదానిలోకి వచ్చి కలుస్తుంది. అప్పుడు రెండోది ఒక్కటే సరిపోయినట్టు కనిపిస్తుంది.

ఈ ప్రశ్న చూడండి. ఒక సంఖ్య ఉంది. అది ఎంత?

ప్రవచనం 1: ఆ సంఖ్య వర్గం 49.
ప్రవచనం 2: ఆ సంఖ్యకు 3 కలిపినా సున్నా కంటే తక్కువే.

మొదటిది చదవగానే చాలామంది 7 అనేసి అ పెడతారు. కానీ మైనస్ 7ను అదే సంఖ్యతో గుణించినా 49 వస్తుంది. రెండు జవాబులు వచ్చాయంటే సరిపోలేదనే అర్థం. ఇంకొందరు మైనస్ సంగతి గుర్తు పెట్టుకుని, రెండో ప్రవచనం చదివి, "అయితే మైనస్ 7, రెండోది సరిపోయింది" అని ఆ పెడతారు. వాళ్ళు మొదటిదాన్ని మోసుకొచ్చారు. రెండోది ఒక్కటే చూస్తే ఆ సంఖ్య మైనస్ 4 కావచ్చు, మైనస్ 100 కావచ్చు. రెండూ కలిపితేనే మైనస్ 7 అని తేలుతుంది. జవాబు ఉ.

ఈ అలవాటు మాన్పించడానికి తరగతిలో కాగితం మీద రెండో ప్రవచనాన్ని చేత్తో మూయిస్తాం. మొదటిది తేలాక దాన్ని మూసి రెండోది చదివిస్తాం. అసలు పరీక్ష కంప్యూటర్ మీద ఉంటుంది, అక్కడ తెరను మూయడం కుదరదు. అందుకని రఫ్ కాగితం మీద నిలువుగా ఒక గీత గీసి, ఎడమ గడిలో మొదటిదానికి, కుడి గడిలో రెండోదానికి టిక్కో ఇంటూనో పెట్టడం అలవాటు చేయిస్తున్నాం. రెండు గళ్ళలోనూ ఇంటూ పడితేనే కలిపి చూడాలి. ఒక్క టిక్కు పడినా కలపాల్సిన పని లేదు.

'కాదు' కూడా జవాబే

కొన్ని ప్రశ్నలకు అవునో కాదో చెబితే చాలు. వీటిలో పిల్లలు ఎక్కువగా పడే గుంట ఒకటుంది. "కాదు" అని తేలితే, సమాచారం సరిపోలేదేమో అనుకుంటారు.

ఒక సంఖ్య 6 చేత నిశ్శేషంగా భాగించబడుతుందా?

ప్రవచనం 1: ఆ సంఖ్య బేసి సంఖ్య.
ప్రవచనం 2: ఆ సంఖ్య 3 చేత నిశ్శేషంగా భాగించబడుతుంది.

బేసి సంఖ్య ఏదీ 6 చేత నిశ్శేషంగా భాగించబడదు. అంటే మొదటి ప్రవచనంతోనే "కాదు" అని ఖాయంగా చెప్పగలం. ఖాయంగా చెప్పగలిగితే సరిపోయినట్టే. రెండోది చూస్తే 9 కావచ్చు, 12 కావచ్చు. 9 భాగించబడదు, 12 భాగించబడుతుంది. తేలలేదు. జవాబు అ. "అవును అయితే సరిపోయింది, కాదు అయితే సరిపోలేదు" అనే పొరపాటు నుంచి బయటపడటానికి మా పిల్లలకు రెండు వారాలు పట్టింది.

దర్జీ గారి బిల్లు

రెండు తెలియని విలువలు ఉంటే రెండు సమీకరణాలు కావాలని బడిలో నేర్చుకున్నాం. పరీక్ష పెట్టేవాళ్ళకు ఆ సంగతి తెలుసు. అందుకని రెండు వైపులా వల పన్నుతారు. మొదటి వల ఇది.

ఒక ప్యాంటు కుట్టుకూలి ఎంత?

ప్రవచనం 1: 2 చొక్కాలు, 3 ప్యాంట్లు కుట్టినందుకు 2,100 రూపాయలు.
ప్రవచనం 2: 4 చొక్కాలు, 6 ప్యాంట్లు కుట్టినందుకు 4,200 రూపాయలు.

గదిలో చాలామంది ఉ అన్నారు. రెండు తెలియనివి, రెండు సమీకరణాలు, ఇంకేం కావాలని వాళ్ళ ధీమా. దర్జీ గారి అమ్మాయి మాత్రం "సార్, ఇది ఒకటే బిల్లు. రెండుసార్లు వేశారు" అంది. నిజమే. మొదటిదాన్ని రెట్టింపు చేస్తే రెండోది వస్తుంది. కొత్త సంగతి ఏమీ లేదు. రెండూ కలిపినా సరిపోదు. జవాబు ఈ. ఆ రోజు ఆ అమ్మాయి లెక్క చేయలేదు, చూసి చెప్పేసింది. ఈ పాఠం ఆమెకు అందిందని మాకు అప్పుడే నమ్మకం కలిగింది.

రెండో వల దీనికి తలకిందులు. ఒకరు 5 రూపాయల పెన్నులు కొన్ని, 3 రూపాయల పెన్సిళ్ళు కొన్ని కొన్నారు. పెన్నులు ఎన్ని?

ప్రవచనం 1: మొత్తం 19 రూపాయలు అయింది.
ప్రవచనం 2: పెన్నుల కంటే పెన్సిళ్ళు ఒకటి ఎక్కువ.

ఒక్క సమీకరణంతో రెండు విలువలు తేలవని తొందరపడి ఉ పెట్టకూడదు. ఎవరూ అర పెన్ను కొనరు. ఒక పెన్ను కొంటే 14 రూపాయలు మిగులుతాయి. దానికి 3 రూపాయల పెన్సిళ్ళు సరిగ్గా రావు. రెండు పెన్నులైతే 9 మిగులుతాయి, మూడు పెన్సిళ్ళు వస్తాయి. మూడు పెన్నులైతే 4 మిగులుతాయి, కుదరదు. ఒక్క దారే ఉంది. మొదటి ప్రవచనం ఒక్కటే చాలు. రెండోది ఒక్కటే చూస్తే ఏమీ తేలదు. జవాబు అ. మనుషులు, వస్తువులు, నాణేలు అంటే పూర్ణ సంఖ్యలే అని గుర్తుంటే ఈ వల నుంచి తప్పించుకోవచ్చు.

మనకు తెలుసు, ప్రశ్న చెప్పలేదు

ఈ ప్రశ్న మేము తయారు చేసిందే. ఒకాయన దగ్గర జకాత్ వర్తించే సొమ్ము ఎంత ఉంది?

ప్రవచనం 1: ఆయన ఆ సొమ్ము మీద 12,500 రూపాయలు జకాత్ ఇచ్చారు.
ప్రవచనం 2: జకాత్ ఆ సొమ్ములో నలభయ్యో వంతు.

గదిలో అందరూ అ పెట్టారు. నలభయ్యో వంతు అని ఇంట్లో చిన్నప్పటి నుంచి వింటున్నదే కాబట్టి రెండో ప్రవచనం అవసరం వాళ్ళకు కనిపించలేదు. "ఈ కాగితాన్ని జకాత్ అన్న మాటే వినని పక్క ఊరి కుర్రాడికి ఇస్తే మొదటి ప్రవచనంతో చెప్పగలడా?" అని అడిగాం. చెప్పలేడు. అలాంటప్పుడు మొదటిది ఒక్కటే సరిపోలేదు. జవాబు ఉ. పరీక్షలో జకాత్ బదులు కమిషను శాతమో, రవాణా ఖర్చో, ఒక ఆఫీసు పనివేళలో ఉంటాయి. తీరు మాత్రం ఇదే.

అయితే బయటి సంగతి ఏదీ వాడకూడదని కాదు. వారానికి ఏడు రోజులు, రూపాయికి వంద పైసలు, త్రిభుజంలో మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలు, ఇలాంటివి అందరికీ ఒకటే. వాటిని వాడుకోవచ్చు. ఒక ఇంట్లోనో ఒక బజారులోనో మాత్రమే తెలిసిన సంగతులను వాడకూడదు.

బంధుత్వాల ప్రశ్నల్లో ఇది ఇంకా ముఖ్యం. నూర్‌కు షమీమ్ ఏమవుతారు?

ప్రవచనం 1: షమీమ్, నూర్ తల్లికి సొంత తోబుట్టువు.
ప్రవచనం 2: షమీమ్‌కు భార్య ఉంది.

షమీమ్ అనే పేరు మన ఇళ్ళలో మగవాళ్ళకూ ఉంటుంది, ఆడవాళ్ళకూ ఉంటుంది. పేరును బట్టి ఎవరో ఊహించుకుంటే మార్కు పోతుంది. మొదటి ప్రవచనంతో మేనమామ కావచ్చు, పెద్దమ్మ కావచ్చు, పిన్ని కావచ్చు. రెండోది చుట్టరికం చెప్పదు. రెండూ కలిపితే మేనమామ అని తేలుతుంది. జవాబు ఉ. పరీక్షలో పేర్ల బదులు తరచు అక్షరాలే ఇస్తారు. అప్పుడు ఆడా మగా అన్నది ప్రశ్న చెప్పేదాకా మనకు తెలియదు.

ఏం అడిగారో అంతే

ఐదుగురు స్నేహితులు ఉన్నారు. అన్వర్, బషీర్, కరీం, దావూద్, ఇమ్రాన్. అందరికంటే పొడవు ఎవరు?

ప్రవచనం 1: అన్వర్, బషీర్ కంటే పొడవు. కానీ కరీం కంటే పొట్టి.
ప్రవచనం 2: దావూద్, ఇమ్రాన్ కంటే పొడవు. కానీ కరీం కంటే పొట్టి.

మొదటిదానిలో దావూద్, ఇమ్రాన్‌ల ఊసు లేదు. రెండోదానిలో అన్వర్, బషీర్‌ల ఊసు లేదు. రెండూ కలిపితే కరీం అందరికంటే పొడవని తెలుస్తుంది. జవాబు ఉ. కొందరు పిల్లలు ఐదుగురినీ వరుసలో నిలబెట్టే ప్రయత్నం చేసి, అన్వర్ పొడవా, దావూద్ పొడవా అన్నది తేలక, ఈ పెట్టేస్తారు. ఐదుగురి వరుస ఎవరూ అడగలేదు. ఒకవేళ ప్రశ్న "ఐదుగురి పొడవు వరుస ఏమిటి?" అని ఉంటే, అప్పుడు ఇదే సమాచారానికి జవాబు ఈ అవుతుంది. సమాచారం మారలేదు, అడిగింది మారింది. చాలడం, చాలకపోవడం సమాచారంలో లేదు. మనకు ఏం కావాలన్నదాని మీద ఉంది.

సగం తెలిసినా విలువే

బ్యాంకు పరీక్షల్లో తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కుల్లో పావు వంతు కోత పడుతుంది. ఐదు ఎంపికల్లో గుడ్డిగా ఒకటి పెడితే సగటున ఏమీ రాదు. ఐదుసార్లు అలా పెడితే ఒకసారి ఒక మార్కు వస్తుంది, నాలుగుసార్లు పావు చొప్పున ఒక మార్కు పోతుంది. లెక్క సున్నా.

డేటా సఫిషియన్సీలో మాత్రం ఒక వెసులుబాటు ఉంది. మొదటి ప్రవచనం ఒక్కటే సరిపోతుందని తేలితే మిగిలేవి రెండే ఎంపికలు, అ లేదా ఇ. సరిపోదని తేలితే మూడు మిగులుతాయి, ఆ, ఈ, ఉ. అంటే రెండో ప్రవచనం అర్థం కాకపోయినా, మొదటిది ఒక్కటి ఖాయంగా తేల్చగలిగితే ఎంచడం లాభసాటి. రెండు మిగిలినప్పుడు సగటున ఒక మార్కులో ఎనిమిదింట మూడు వంతులు, మూడు మిగిలినప్పుడు ఆరో వంతు మన వైపు ఉంటుంది. మొదటిది కష్టంగా ఉండి రెండోది తేలిగ్గా ఉంటే ముందు రెండోదే చూడవచ్చు. ఏదీ తేలకపోతే మాత్రం వదిలేసి ముందుకు వెళ్ళాలి. మార్కు కోసం ఊహ మీద టిక్కు పెట్టవద్దని మేము గట్టిగా చెబుతాం.

ఈ పాఠం బ్యాంకు పరీక్షలకే కాదు. మన రెండు రాష్ట్రాల్లో ఎంబీఏ, ఎంసీఏ ప్రవేశాలకు రాసే ఐసెట్‌లో దీనికి ఏకంగా 20 ప్రశ్నలు ఉంటాయి. అక్కడ ఎంపికలు నాలుగే, తప్పుకు కోత లేదు. ఒకసారి నేర్చుకుంటే రెండు చోట్లా పనికొస్తుంది. తెలుగు, ఉర్దూ మాధ్యమాల పిల్లలు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. గ్రామీణ బ్యాంకుల ఉద్యోగ పరీక్షలోనూ, ప్రభుత్వ రంగ బ్యాంకుల క్లర్కు పరీక్షలోనూ ప్రశ్నలను తెలుగులో గానీ, ఉర్దూలో గానీ చదువుకునే వీలు వచ్చింది. దరఖాస్తులోనే ఆ భాష ఎంచుకోవాలి. "కంటే", "అయితేనే", "మాత్రమే" వంటి చిన్న మాటల మీద ఆధారపడిన ఈ ప్రశ్నల్లో సొంత భాష ఎంతో మేలు చేస్తుంది.

ఇంట్లో చేయించండి

ఈ నాలుగు ప్రశ్నలు మీ పిల్లలకు ఇవ్వండి. ఎంపికలు పైన చెప్పినవే.

ఒకటి. ఈ రోజు ఏ వారం? ప్రవచనం 1: మొన్న శుక్రవారం. ప్రవచనం 2: ఎల్లుండి మంగళవారం.

రెండు. దీర్ఘచతురస్రాకారపు గది వైశాల్యం ఎంత? ప్రవచనం 1: చుట్టుకొలత 40 మీటర్లు. ప్రవచనం 2: వెడల్పు కంటే పొడవు 4 మీటర్లు ఎక్కువ.

మూడు. ఒక వరుసలో మొత్తం ఎంతమంది ఉన్నారు? ప్రవచనం 1: యూసుఫ్ ఎడమ చివర నుంచి 12వ వాడు. ప్రవచనం 2: రహీమా కుడి చివర నుంచి 9వది.

నాలుగు. ఒక వస్తువు మీద దుకాణదారుకు వచ్చిన లాభ శాతం ఎంత? ప్రవచనం 1: అమ్మిన ధర, కొన్న ధరకు ఒకటింబావు రెట్లు. ప్రవచనం 2: లాభం 150 రూపాయలు.

జవాబులు వరుసగా ఇ, ఉ, ఈ, అ. మూడోదానిలో యూసుఫ్‌కు, రహీమాకు మధ్య ఎంతమంది ఉన్నారో, ఎవరు ఏ పక్కన ఉన్నారో తెలియదు, అందుకే తేలదు. నాలుగోదానిలో ధర తెలియకపోయినా శాతం తెలుస్తుంది. పిల్లలు జవాబు చెప్పాక "ఎలా?" అని అడగండి. "మొదటిది ఒక్కటే చూశాను, తర్వాత రెండోది ఒక్కటే చూశాను" అని వాళ్ళ నోటి నుంచి వస్తే పాఠం వచ్చినట్టే.

మీరు అడిగిన ప్రశ్న

దాతలు మమ్మల్ని ఎక్కువగా అడిగేది, "ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయి?" అని. అడగడం మీ హక్కు. జవాబు చెప్పడం మా బాధ్యత, ఆ సంఖ్య నివేదికలో ఉంటుంది. కానీ ఈ పాఠం చదివారు కాబట్టి మీ ముందు ఒక ప్రశ్న పెడుతున్నాం. రెండు శిక్షణ కేంద్రాలు ఉన్నాయనుకోండి. రాసినవారిలో ఎక్కువ శాతం మందిని గట్టెక్కించింది ఏది?

ప్రవచనం 1: మొదటి కేంద్రం నుంచి 6 మంది, రెండో కేంద్రం నుంచి 4 మంది ఎంపికయ్యారు.
ప్రవచనం 2: మొదటి కేంద్రం నుంచి 60 మంది, రెండో కేంద్రం నుంచి 20 మంది పరీక్ష రాశారు.

మొదటిది ఒక్కటే చదివితే మొదటి కేంద్రమే మేలని తోస్తుంది. రెండూ కలిపితే మొదటిది పదింట ఒకరిని, రెండోది ఐదింట ఒకరిని గట్టెక్కించిందని తేలుతుంది. ఒక్క సంఖ్యతో మమ్మల్ని మెచ్చుకోవద్దు, ఒక్క సంఖ్యతో మమ్మల్ని తీసిపారేయవద్దు. ఎంతమంది చేరారు, ఎంతమంది చివరిదాకా వచ్చారు, ఎంతమంది పరీక్ష రాశారు, ఎంతమంది ఎంపికయ్యారు, ఇవన్నీ కలిపి అడగండి. ఈ ఏడాది నుంచి నివేదికలో అవన్నీ పక్కపక్కనే రాయాలని నిర్ణయించుకున్నాం. మధ్యలో మానేసిన పిల్లల సంఖ్య రాయడం మాకు ఇబ్బందిగానే ఉంటుంది. అయినా రాస్తాం. మీరు ఇచ్చిన ప్రతి రూపాయి అమానత్. దాని లెక్క సగం చెప్పడం సరి కాదు.

ఒక విన్నపం కూడా ఉంది. ఈ పరీక్షలు కంప్యూటర్ మీద జరుగుతాయి. మన పిల్లలు ఎక్కువగా కాగితం మీదే సాధన చేస్తున్నారు. తెర మీద చదివి, పక్కనే రఫ్ కాగితంపై టిక్కు పెట్టే అలవాటు తెర ముందు కూర్చుంటేనే వస్తుంది. మీ ఇంట్లోనో, ఆఫీసులోనో పనిచేసే స్థితిలో ఉండి పక్కన పెట్టిన కంప్యూటర్ ఉంటే మాకు చెప్పండి, మేమే వచ్చి తీసుకెళ్తాం. అది వీలు కాకపోతే ఒక సాయంత్రం మగ్రిబ్ తర్వాత వచ్చి వెనక బెంచీలో కూర్చోండి. మీరు వస్తే పిల్లలకు ఎంత ధైర్యమో మాకు తెలుసు.

దర్జీ గారి అమ్మాయి సంగతి చెప్పలేదని మీరు అనుకోవచ్చు. మూడోసారి మెయిన్స్ రాసింది. డేటా సఫిషియన్సీ ప్రశ్నల్లో ఒక్కదానికి కూడా చివరిదాకా లెక్క చేయలేదని, మిగిలిన సమయంలో వదిలేసిన ప్రశ్నలకు తిరిగి వెళ్ళగలిగానని పరీక్ష అయిన రోజే వచ్చి చెప్పింది. ఈ సంచిక అచ్చుకు వెళ్ళే నాటికి ఫలితం రాలేదు. వస్తుందో రాదో చెప్పడానికి మా దగ్గర ఉన్న సమాచారం చాలదు. ఆమె కష్టపడిందని చెప్పడానికి మాత్రం చాలు. మీ దుఆలలో ఆమెను, ఆమెతో పాటు ఆ గదిలో కూర్చునే పిల్లలందరినీ గుర్తుంచుకోవాలని కోరుతున్నాం.